అద్దాల డబ్బాల మా మనుమరాలి మీటింగు

మా కోడలిది ఫోన్ల మీద మాట్లాడే నౌకరీ. ఎవరికో పార్సల్ రాలేదని కోపంగ ఫోన్ చేస్తరు, ఈమె సారీ చెప్తది. ఇంట్ల నాకు ఒక్కనాడు సారీ చెప్పింది లేదు, అక్కడ మాత్రం పొద్దంత అదే మాట. నేనీ మాటంటే నవ్వుతది. "మీ పార్సల్ రానినాడు మీకు సుత చెప్త అత్తమ్మా" అంటది.

కాన్పు అయినంక మల్ల పనిల చేరింది. ఇంట్ల కూసొని చేసే పనే. మాది మొఘల్‌పురాల రెండర్రల ఇల్లు. గోడకు ఆనుకొని ఉన్న ఇంట్ల చాచా వరఖు కొడుతడు. మిఠాయిల మీద పెట్టే వెండి రేకు ఉంటది గదా, అదే. తోలు సంచిల వెండి ముక్కలు పెట్టి పొద్దటి నుంచి పొద్దుమూకేదాక సుత్తెతోని దబ్ దబ్ దబ్. పెండ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఉన్న చప్పుడే, నా చెవులకు అది వినపడనే వినపడది. అది ఆగితేనే చాచాకు ఏమైందోనని బయటికొచ్చి చూస్త. ఫోన్ల అవతలివాళ్లకు మాత్రం మస్తు వినపడేది. "మేడం, మీ దగ్గర ఇల్లు కూలగొడుతున్నరా?" అని ఒకాయన అడిగిండట.

చాచాను ఏమనాలె? ఆయన సుత్తె కొడితేనే ఆయన ఇల్లు గడుస్తది. మా కోడలు ఫోన్ ఎత్తితేనే మా ఇల్లు గడుస్తది. నా కొడుకు కంచన్‌బాగ్ దిక్కు కాంట్రాక్టు పనికి పోతడు, అది ఉన్నన్ని దినాలు ఉంటది, లేనన్ని దినాలు ఉండది. ఆఖరికి కోడలి మీద ఉండే మేడం గట్టిగనే చెప్పేసింది. "ఈ వారమంత నీ ఫోన్లు మధ్య మధ్యల నేను వింటుంట. మల్ల చప్పుడు వచ్చిందంటే వేరేవాళ్లను పెట్టుకుంటం." ఆ పూట కోడలు అన్నం కలిపింది గానీ ముద్ద నోటిదాక పోలేదు.

నయాపూల్ దగ్గర ఒక బట్టల దుకాణం మీద కో-వర్కింగ్ ఆఫీసు ఉందని కొడుకు తెలుసుకొని వచ్చిండు.

"అంటే ఏంది?" అని అడిగిన.

"ఎవరి పని వాళ్లది, కుర్చీలు మాత్రం అందరివి అత్తమ్మా" అన్నది కోడలు.

"ఫంక్షన్ హాల్ల బంతి లెక్కనా?"

"హౌ, గట్లనే. బువ్వ ఒక్కటే పెట్టరు."

మనుమరాలు సీసా పాలు నోట్ల పెడితె ఉమ్మేస్తది. తల్లి ఎక్కడుంటే అది అక్కడ ఉండాలె, అదెక్కడుంటే నేనక్కడ ఉండాలె. ఒక్క కుర్చీకి కిరాయి కట్టి ముగ్గురం పోయినం. అక్కడి మేనేజర్ భాయ్ నెరిసిన గడ్డం మనిషి. పాపను చూసి జర సేపు గడ్డం గోక్కున్నడు. "అమ్మా, లోపల సబ్ లోగ్ చుప్‌గ పనిచేస్తరు. మీరు బయట మెట్ల కాడ బల్ల మీద కూసోండ్రి, ఫికర్ చేయకుండ్రి" అన్నడు. మంచి మాటే. అద్దాల తలుపుల నుంచి నాకు కోడలు కనపడాలె, ఆమెకు పాప కనపడాలె. అట్ల కనపడే కుర్చీ తలుపు పక్కన ఒక్కటే ఉన్నది.

ఇంకేమున్నది, మర్నాడు అందరికంటె ముందుగాల పోయి ఆ కుర్చీ మీద దస్తీ వేసిన. కోడలు కింద మెట్లెక్కుతనే ఉన్నది. అంతల ఒక వకీల్ సాబ్ వచ్చిండు, నల్లకోటు చేతి మీద, చంకల ఫైళ్లు. దస్తీని రెండు వేళ్లతోని పట్టి పైకి లేపిండు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా కోడలిది సాబ్. సీటు ఆపిన."

"ఇదేమన్న సిటీ బస్సా, దస్తీ వేసి సీటు ఆపెటందుకు?" అని కూసోనే కూసున్నడు.

"బస్సుల అయితె దస్తీకి ఇజ్జత్ ఉంటది సాబ్. లేపినోన్ని బస్సంత తిడుతరు" అన్న. కోడలు నా కొంగు గుంజింది. మేనేజర్ భాయ్ ఉరికొచ్చి, ఇక్కడ కుర్చీ ఎవరిదీ కాదు, ముందు కూసున్నోళ్లదే అని చెప్పిండు. లొల్లి ఆడికే ఆగింది, కోడలు లోపల ఇంకో కుర్చీల సర్దుకున్నది. వకీల్ సాబ్ ఆ దినమంత నా దిక్కు చూడలే, నేను ఆయన దిక్కు చూడలే.

బల్ల మీద కూసొని లోపలి తమాషా చూసుడే నా పని. మూలకు ఒక అద్దాల డబ్బా ఉన్నది, మనిషి పట్టేంత. ఫోన్ మాట్లాడేటోళ్లు అందుల పోయి తలుపేసుకుంటరు, లోపలి మాట బయటికి రాది. దానికి ముందుగాల బుకింగ్ చేసుకోవాలె. వకీల్ సాబ్ అందుల నిలబడి చేతులు ఊపుకుంట, కండ్లెర్ర చేసుకుంట ఎవరినో గదరాయిస్తుంటడు. నాకు మాత్రం టీవీ సౌండు బంద్ చేసి చూసినట్టు ఉండేది. నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని.

మూడో దినమో నాలుగో దినమో వాన దంచింది. మెట్ల కాడికి జల్లు కొడుతుంటే మేనేజర్ భాయే తలుపు తీసి, "లోపలికి రండ్రి అమ్మా, పాప తడుస్తది" అన్నడు. పోయి ఒక మూలకు నిలబడ్డ. కోడలు ఫోన్ల ఉన్నది. నన్ను చూసి కాయితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి పైకి పట్టింది. నేను కూడబలుక్కొని చదివిన: మేడం వింటుంది.

గప్పుడే పాపకు ఏసీ చలి కొట్టిందో, కొత్త మొఖాలు చూసిందో, మూతి వంకర పెట్టింది. నాకు తెలుసు ఆ మూతి. అది తిరిగిందంటే ఇగ ఆపేటోడు లేడు. భుజం మీద వేసుకున్న, ఊపిన, లాభం లేదు. మొదటి కేక పెట్టంగనే లోపలున్న తలకాయలన్నీ లేచినయి. కోడలు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది, మొఖం తెల్లగయింది. బయట వాన, లోపల మేడం. ఎటు పోవాలె?

వకీల్ సాబ్ అద్దాల డబ్బాల నుంచి బయటికి వస్తుండె. తలుపు ఇంక మూసుకోలే. ఆయన చంక పక్కల నుంచి దూరి లోపలికి పోయి తలుపు గుంజుకున్న.

"అమ్మా, నక్కో, వద్దు! దానికి బుకింగ్ ఉంటది!" అని మేనేజర్ భాయ్ అనుకుంట వచ్చిండు. తలుపు మూసుకున్నది, ఆ తర్వాత ఆయన ఏమన్నడో నాకు వినపడలే.

ఇగ చూడాలె మా మనుమరాలి గొంతు. ఆ డబ్బా పగులుతదేమో అనిపించింది. నా చెవులు గుయ్యిమన్నయి. బయట మాత్రం ఒక్కొక్కరే తలకాయలు దించుకొని పనిల పడ్డరు. కోడలు వీపు నిటారుగ పెట్టి మాట్లాడుతున్నది, నవ్వుతున్నది సుత. పనికొచ్చింది పో, అనుకున్న. మాట్లాడేటోళ్లు డబ్బాల పోతరా, ఏడ్చేటోళ్లు పోతరా, అద్దానికి ఏం తెలుసు?

వకీల్ సాబ్ వచ్చి అద్దం మీద వేలుతోని కొట్టిండు. ఇంకో ఫోన్ ఉన్నట్టుంది. తలుపు జరంత తీసిన. అందుల నుంచి ఎంత కేక పోయిందంటే, ఆయనే రెండు చేతులతోని తలుపు నూకి మూసిండు. మూసి, కోడలి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, ఫోన్ పట్టుకొని మెట్ల కాడికి, ఆ జల్లులకే పోయిండు.

పాప ఊరుకున్నంక బయటికి వచ్చిన. తిడుతరని తయారుగనే ఉన్న. వకీల్ సాబ్ తడిసిన చొక్క దులుపుకుంట, "అయిందా అమ్మా మీ మీటింగు?" అన్నడు.

"అయింది సాబ్. పెద్ద కేసే, నేనే గెలిచిన."

ఆయన నవ్వు అప్పుడే చూసిన. మేనేజర్ భాయ్ మర్నాటి నుంచి బుకింగ్‌ల పాపకు సుత జాగ పెట్టిండు. "ఏడ్పుకు టైం ఉంటదా భాయ్?" అని అడిగిన. "లేదు గానీ, టైం రాసే కాడ ఖాళీగ ఉంచుతే ఎవరన్న తమ వంతు ఇస్తరు కద అమ్మా" అన్నడు. నిజంగనే ఇచ్చెటోళ్లు. కంప్యూటర్ల బొమ్మలు గీసే ఒక పిల్ల తన వంతు ఇడిసిపెట్టి, పాప బుగ్గ గిల్లి పోయేది.

వారం ఆఖరు దినం మేడం ఫోన్ చేస్తనన్నది. ఆ టైంకు నేను డబ్బాల ఉన్న, పాప అప్పుడే నా భుజం మీద నిద్రపోయింది. అద్దం నుంచి కోడలిని చూస్తున్న. ఆమె ఫోన్ వింటున్నది, తల ఊపుతున్నది. నా గుండె కొట్టుకునుడుకు పాప లేస్తదేమో అనిపించింది. ఫోన్ పెట్టి లేచి డబ్బా కాడికి వచ్చి ఏదో చెప్పింది. నాకు వినపడలే. తలుపు తీస్తె పాప లేస్తది, తియ్యబుద్ధి కాలేదు. ఏమైందని చెయ్యి ఊపిన. ఆమె ఎనుకకు పోయి తన కుర్చీని గుంజుకొచ్చి, నా ముందటనే దబ్బున కూసొని, ఆ కుర్చీ చేతులను రెండు అరచేతులతోని గట్టిగ పట్టుకున్నది. ఈ కుర్చీ నాదే, ఇగ లేవను అన్నట్టు తల అడ్డంగ ఊపింది. కండ్లల్ల నీళ్లు, మొఖం నిండ నవ్వు.

ఆమె ఎనుక వకీల్ సాబ్ ఫైలు పట్టుకొని తన వంతుకు నిలబడ్డడు. జర ఆగుమని చెయ్యి చూపించిన.