జానెడు లేచిన గేటు

మా సరస్సులో గుల్లలు ఏరేవాళ్లలో పైలీ శాంతస్వభావుడనే చెప్పాలి. కారణం లేకుండా ఎవరి పళ్లూ రాలగొట్టి ఎరగడు. ఆదివారం పూజ ముగిసేదాకా ఎవరిమీదా చెయ్యి చేసుకోకూడదన్న మా చర్చి కట్టుబాటును అతనంత నిష్ఠగా పాటించినవాడూ లేడు.

ఆ ఏడు వరికోత ఆలస్యమైంది. పొలాల్లోకి ఉప్పు ఎక్కకుండా రైతులు అడ్డుకట్ట గేట్లు దించి, మళ్లీ ఎత్తే ఊసే ఎత్తలేదు. సముద్రపు నీరు రాక సరస్సు చప్పబడింది. పైలీ తెచ్చి చల్లుకున్న పిల్లగుల్లలు, అంటే ఆ ఇంటి ఏడాది కూడు, నోళ్లు బిగించాయి. నీళ్లు పడకపోతే గుల్లకు తెలిసిన విద్య అదొక్కటే: తలుపేసుకోవడం. మరీ ఎక్కువకాలం వేసుకుంటే లోపలే ఊపిరాడక చచ్చి, ఆ తర్వాత తీరిగ్గా తెరుస్తుంది.

అతని భార్య త్రేస్య గిన్నెలో సరస్సు నీళ్లు పోసి గుప్పెడు గుల్లలు వేసి చూసింది. ఒక్కటీ నాలుక బయటపెట్టలేదు. ఆదివారం గేటు ఎత్తడానికి తెడ్డు సిద్ధం చేసుకుంటున్న మొగుడితో అంది:

"ఓ మనిషీ, గేటు కొంచెమే ఎత్తండి. ఉప్పు ఒక్కసారిగా మీద పడితే ఇంకా బిగుసుకుని చస్తాయి."

"ఎత్తితే మొత్తం ఎత్తాలి. నేనేం ముష్టికెళ్తున్నానా?"

పూజ ముగిసింది. ఫాదర్ దీవెన అందుకుని, తెల్లపంచెలు మోకాళ్లపైకి మడిచి, ఇటు గుల్లలవాళ్లూ అటు రైతులూ అడ్డుకట్ట చేరారు. మేమంతా పెద్దరికంకొద్దీ అచ్చాయా అని పిలిచే రైతుల పెద్ద అవిరా ఇనపకడ్డీతో గేటు దగ్గర నిలబడ్డాడు.

"జరుగు అచ్చాయా. ఈ వయసులో దెబ్బ తగిలితే మానదు."

"నీ గుల్లల కోసం నా వరిని ఉప్పులో ఊరేస్తావట్రా? ఊరగాయ పెట్టుకుంటావా?"

పైలీ సమాధానం పడవ తెడ్డుతో చెప్పాడు. అవిరా చెవి సగం తెగి వేలాడింది. ఇక ఎవరూ ఆలస్యం చేయలేదు. ఒకడి ముక్కు చితికింది, ఒకడి మోకాలిచిప్ప పక్కకు తొలిగింది. నీళ్లలో పడ్డవాడు పైకి తేలినప్పుడల్లా తలమీద తెడ్డుతో పలకరించారు. రక్తంలో జారుతూనే పైలీ గేటు చక్రం తిప్పాడు. గేటు జానెడు లేచింది. అంతలో అవిరా కడ్డీ దిగింది. ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని బయటికి తొంగిచూసింది. రెండో దెబ్బ గురితప్పి చక్రం ఇరుసును విరగ్గొట్టింది. గేటు అక్కడే ఇరుక్కుంది. ఇక ఎత్తనూ లేరు, దించనూ లేరు.

బాగుచేసేవాళ్లు వచ్చేలోగా, సముద్రం పోటెత్తినప్పుడల్లా ఆ సందులోంచి ఉప్పునీళ్లు కొద్దికొద్దిగా చేరాయి. పొలాలదాకా ఎక్కేటంత లేవు. త్రేస్య మళ్లీ సరస్సు నీళ్లు పోసిన గిన్నెలో ముందు ఒక గుల్ల నాలుక చాపింది, తర్వాత అన్నీ చాపాయి. రైతుల కోతా అయిపోయింది.

కల్లుపాకలో పైలీకి ఎదురుగా అవిరా వచ్చి కూర్చున్నాడు.

"పైలీ, నేను నీ చెయ్యి విరగ్గొట్టబట్టి గేటు జానెడుతో ఆగింది. లేకపోతే నీ గుల్లలన్నీ చచ్చుండేవి. మీ త్రేస్యే అంటోంది."

పైలీ ఆలోచించాడు. మాటలో తప్పేమీ దొరకలేదు.

"నిజమే అచ్చాయా," అని ఒప్పుకుని, కట్టుకట్టిన చేత్తోనే అతని మూతిమీద గుద్దాడు. అప్పుడే అతుక్కుంటున్న ఎముక మళ్లీ విరిగింది.

ఆ ఏడు గుల్లలు బాగా కండపట్టాయి. ఏరడానికి మాత్రం త్రేస్యే నీళ్లలో దిగింది.