దేవుడు నాలో ఉంచిన అనుమానం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నా పేరు రూతమ్మ, మాది పుంగనూరు, బట్టలు కుట్టి బతికేదాన్ని. రోగం నుండి, తాగుడు నుండి విడుదల పొందినవారి సాక్ష్యాలు ఎన్నో విని ఏడ్చాను, కాని నేను నడిచిన చీకటి వేరే రకంది. సంఘమంతా దేవుడు పంపిన మనిషి అని నమ్మిన ఒకాయనను నేనొక్కదాన్నే నమ్మలేకపోయాను, అదే నా చీకటి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. నా భర్త జ్వరంతో చనిపోయాక ఒక్కగానొక్క బిడ్డ ప్రశాంతిని చదివించుకున్నాను, అది ఇంటర్ మంచి మార్కులతో పాసయింది, కాని ఆపైన ఏ కాలేజీలో చేరాలో, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, స్కాలర్‌షిప్ ఎవరిస్తారో మా ఇంట్లో ఎవరికి తెలుసు? సరిగ్గా అప్పుడే సుందరం అనే ఆయన మా సంఘానికి వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని మాట. శనివారం మధ్యాహ్నాలు చర్చిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో, ఎమ్మార్వో ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాడు, కుప్పంలో ఒక నర్సింగ్ కాలేజీ ఉందని, పేద పిల్లలకు ఫీజు లేకుండా సీటు, హాస్టల్ ఇప్పిస్తానని అనేవాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, టీ ఇచ్చినా వద్దనేవాడు.

అందరికీ ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే, నాకు గుబులు పుట్టింది కూడా అందుకే. కాలేజీ పేరు అడిగితే ఒక వారం ఒకలా, మరో వారం కొంచెం మార్చి చెప్పేవాడు, ప్రిన్సిపాల్ ఎవరని అడిగితే ప్రార్థన చేద్దాం తల్లీ అని కళ్లు మూసుకునేవాడు. ఆ తర్వాత పిల్లల టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్, టీసీలు అన్నీ కావాలన్నాడు. నేను గుడ్డ కొనడానికి బజారుకు వెళ్లినప్పుడు మా ప్రశాంతి తనవి తీసుకెళ్లి ఇచ్చేసింది, తెలిసి నేను రసీదేదే అని అడిగితే దాని ముఖం మాడిపోయింది.

"నీకు అందరి మీదా అనుమానమేమ్మా. నేను సదువుకునేది నీకిష్టం లేదు, అంతే" అని అన్నది, ఆ రోజు నుండి నాతో మాట్లాడడం మానేసింది.

పాస్టరు అయ్యగారు కూడా, అనుమానం సాతాను విత్తనం రూతమ్మా, పెరికెయ్యి అన్నారు. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు సైతం నన్ను చూసి పక్కకు తిరిగిపోతుంటే, సహోదరులారా, నాకే నా మీద అనుమానం వచ్చింది, నిజంగా నాలో దుష్టాత్మ ఉందేమో, బిడ్డకు దేవుడిచ్చిన దారికి నేనే అడ్డం పడుతున్నానేమో అని అన్నం సహించలేదు. ఒక మిట్టమధ్యాహ్నం మిషను మీద తల ఆనించి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఈ అనుమానం సాతానుదైతే ఇప్పుడే తీసెయ్యి. నువ్వు పెట్టిందైతే నాకు దోవ సూపించు. తెలీకుండా నా బిడ్డను ఒకరి చేతిలో పెట్టలేను తండ్రీ."

అనుమానం పోలేదు, కాని భయం పోయింది. పోయి సూడరాదా అని ఎవరో అన్నట్టే అనిపించింది, మరుసటి ఉదయమే కుప్పం బస్సెక్కాను. రైలు స్టేషను దగ్గర అడుగుతూ అడుగుతూ పోతే ఒక కల్యాణమంటపం మేడ మీద కాలేజీ బోర్డు కనబడింది, బోర్డుకు రంగు కొత్తది, తలుపుకు తాళం. కింద పూలు కడుతున్న ఆమెను పిల్లలు ఎప్పుడొస్తారని అడిగాను.

ఆమె నన్ను తేరిపార చూసి, "ఈడికి పిల్లోళ్లు వచ్చింది నేనెప్పుడూ సూళ్ళేదమ్మా. సర్టిఫికెట్లు యాడున్నాయని అడిగేదానికి అమ్మానాయినలు మాత్రం వస్తాండారు" అన్నది.

ఒరిజినల్స్ చేతిలో లేకపోతే బిడ్డ వేరే ఏ కాలేజీలోనూ చేరడానికి వీల్లేదు, అవి తిరిగి కావాలంటే ఆ తీసుకున్న మనిషి డబ్బు కట్టమంటాడని కూడా ఆమే చెప్పింది.

తిరిగొచ్చి అయ్యగారికి చెప్పాను. ఆయన కూడా సుందరంలాగే కళ్లు మూసుకున్నారు, అది చూసి ఈయనకు కూడా ఇందులో భాగముందా అని, దేవుడు క్షమించాలి, నా మనసు అక్కడికీ పోయింది. అప్పుడాయన చెప్పులేసుకుని, "వాని రూము మదనపల్లెలో ఉండాది. పదమ్మా, నేనూ వస్తా" అన్నారు.

సుందరం మమ్మల్ని చూసి నవ్వాడు, సర్టిఫికెట్లు యూనివర్సిటీకి పంపాను, వచ్చే వారం ఇస్తానన్నాడు. మేము వాదించలేదు, ఆయన గడపలోనే కూర్చున్నాము, అయ్యగారు గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టారు, వీధిలో జనం ఆగారు. ఇంటి ఓనరు ఒక పెద్దాయన, కిరాణా వ్యాపారి, మా మతం వాడు కూడా కాదు, బయటికొచ్చి సంగతంతా విన్నాడు. ఆయనను కూడా దేవుడే పంపాడు.

"ఏమప్పా, ఈయమ్మ బిడ్డ సదువు కాగితాలు నీ కాడ యాల ఉండాయి? రూములో ఉండే ఆ పెట్టె తెరువు" అన్నాడు.

వీధి జనమంతా చూస్తుంటే సుందరం పెట్టె తెరిచాడు. మా సంఘం పిల్లలవే కాదు, సదుం, గుర్రంకొండ, వాల్మీకిపురం పిల్లలవి కూడా ఆ పెట్టెలో ఉన్నాయి. నా బిడ్డవి నా ఒడిలో పెట్టుకున్నాక కూడా నేను లేవలేదు, అన్నీ ఇచ్చేవరకు కదలనన్నాను. అయ్యగారు ఆ వారమంతా బస్సుల్లో తిరిగి ఎవరివి వారికి అప్పగించారు. సుందరం ఏమయ్యాడో మాకు తెలియలేదు.

మదనపల్లెలో డిగ్రీ దరఖాస్తులకు గడువు ముగియకముందే ప్రశాంతి సీటు తెచ్చుకున్నది, స్కాలర్‌షిప్‌కు కాలేజీ ఆఫీసు వాళ్లే దరఖాస్తు పెట్టించారు, ఆలస్యంగానైనా వచ్చింది, బిడ్డ ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదివింది. చేరిన రోజు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు అది చాలు. ఈనాడు అది టీచరు, మహిమంతా ఆ దేవునిదే!

ఇప్పుడు శనివారాలు మా చర్చిలో తల్లీబిడ్డలిద్దరం ఇంటర్ పిల్లలకు కాలేజీల సంగతి, స్కాలర్‌షిప్‌ల సంగతి చెబుతున్నాం. సహోదరులారా, మీ బిడ్డలను తీసుకురండి. మీ పూర్ణహృదయంతో ప్రభువును నమ్మండి, తనను నమ్మినవారిని ఆయన మోసపోనివ్వడు. నన్ను మాత్రం ఊరికే నమ్మొద్దు. కాలేజీ పేరు అడగండి, బస్సెక్కి వెళ్లి చూసి రండి, ఆ తర్వాతే మీ బిడ్డను పంపండి.