కంప్యూటర్‌లో మేడమ్‌గారి వరిచేను

మా జువాలజీ మేడమ్‌గారు పోయారని సోమవారం పొద్దున స్టాఫ్‌రూమ్‌లో చెప్పారు. చెప్పిన మనిషే వెంటనే, ఇక ఆవిడ క్లాసులు ఎవరు తీసుకుంటారని అడిగాడు. నా కోపం అక్కడ మొదలైంది. ఇంకా చల్లారలేదు.

నేను ఆవిడ దగ్గరే చదువుకుని, అదే విజయవాడ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఆవిడది పామర్రులో రైతు కుటుంబం. వరి రసం పీల్చి పైరుని ఎండగొట్టే సుడిదోమ చేలో ఎలా పెరుగుతుందో కంప్యూటర్‌లో నడిపించి చూడాలని పట్టుబట్టారు. మాకు అందుబాటులో కంప్యూటర్ ఎక్కడిది? సెలవు దొరికితే చాలు, కంప్యూటర్‌కి లెక్క చెప్పే చిల్లుల కార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ రైలెక్కేవారు. అక్కడ ఎవరినో బతిమాలి మెషీన్ మీద కాస్త టైము సంపాదించేవారు.

మాకు మాత్రం గింజలతో పాఠం చెప్పేవారు. బల్ల పొలం, చింతగింజలు దోమ, శనగలు దాన్ని తినే సాలీళ్లు. చచ్చినవాటిని తీసేసి, పుట్టినవాటిని చేర్చి, మళ్లీ లెక్కపెట్టాలి.

"కంప్యూటర్ చేసేదీ ఇదేనే అమ్మాయ్. విసుక్కోకుండా చేస్తుంది, అంతే" అనేవారు.

నాకు ఆలోచించడం వచ్చింది ఆ బల్ల దగ్గరే.

పదేపదే మందు కొడితే సాలీళ్లు ముందు చస్తాయి, దోమ ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది. ఆవిడ లెక్కలో తేలింది ఇదీ. పామర్రు రైతుల మీటింగులో ఆ మాట చెబితే వేదిక మీది అధికారి నవ్వాడు.

"అట్టముక్కలకి చిల్లులు పెట్టి వ్యవసాయం చేస్తారా అమ్మా?"

"చేలో పోగొట్టుకునే ముందు కార్డుల మీద పోగొట్టుకుని చూస్తామండీ" అన్నారావిడ.

ఆ పంటకి ఆవిడ అన్నయ్యా, పక్క రైతులు కొందరూ మందు తగ్గించారు. చుట్టూ చేలు సుడులు సుడులుగా ఎండిపోయాయి. వీళ్లవి నిలబడ్డాయి. అప్పుడు తెలిసింది మా హెడ్‌గారికి ఆ పని విలువ. ఢిల్లీ సదస్సులో దాన్ని పేపరుగా తన పేరుతో చదివి వచ్చారు. మేడమ్‌గారు అడిగితే, "డిపార్ట్‌మెంటు పని కదమ్మా, ఇందులో నీదీ నాదీ ఏముంది?" అన్నారు. మళ్లీ హైదరాబాద్ వెళ్లడానికి ఆవిడకి సెలవు ఇవ్వలేదు. ఆ తర్వాత ఆవిడ మంచం పట్టారు.

సంతాపసభలో ఆ హెడ్‌గారే మైకు ముందుకొచ్చి, "నా పరిశోధనలో ఎంతో సాయపడింది" అన్నారు.

నేను లేచాను. "ఆ పరిశోధన ఆవిడదండీ. మీరు సెలవు కూడా ఇవ్వలేదు."

"ఈ రోజున గొడవెందుకమ్మా" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. మరి ఏ రోజున?

బయటికి వచ్చేశాను. వరండాలో ఆవిడ అన్నయ్యా, ఆయనతో వచ్చిన రైతులూ నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. నాట్లు మధ్యలో వదిలి వచ్చినట్టున్నారు. వాళ్ల కాళ్ల మీది బురద ఎండి, పగిలి, కాలేజీ నున్నటి గచ్చు మీద రాలుతోంది.