బుధవారం కూడికకు నేను వెళ్ళలేదు

దయ్యాలను నేను నమ్మను. మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో అలాంటి మాటెత్తితే తిట్లు తప్పేవి కావు. ఇప్పటికీ నా మాట అదే. జరిగింది మాత్రం చెబుతాను.

మాది దేశనూరు. మా ఆయన రోజూ బస్సులో బళ్ళారి వెళ్ళి జీన్స్ ఉతికే యూనిట్‌లో పనిచేస్తాడు. నేను రెండేళ్ళుగా ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి వచ్చే ఫోన్లకు జవాబు చెబుతాను. మొదట్లో ఎంత హాయి అనుకున్నానో! తర్వాత తిండీ ఆ గదిలోనే, పడకా ఆ గదిలోనే. ఎవరైనా వస్తే కాల్‌లో ఉన్నానని సైగ చేసి తలుపు మూసేదాన్ని. వాకిలి దాటి మూడు వారాలైన సంగతి కూడా గమనించలేదు.

దాచడమెందుకు, ఒంటరిగా ఉన్నప్పుడు నన్ను నేనే ఏమైనా చేసుకుంటానేమో అని భయం పట్టుకుంది. ఆయనకు చెప్పలేదు. ఫ్యాను కింద కూర్చునే దానికి బాధేంటి అంటారని సిగ్గు.

ఒక గురువారం పొద్దున పాస్టరమ్మ వచ్చింది. నా చేతులు పట్టుకుని నిద్ర పట్టిందా అని అడిగింది. నాకేమీ అర్థం కాలేదు.

"నిన్న ప్రార్థన కూడికలో అంత ఏడిస్తివి గదమ్మా. నాకు ఒకటే దిగులు," అంది.

నేను రాలేదన్నాను. బుధవారం కూడిక మూడింటికి. కంప్యూటర్ తెరిచి చూపించాను. మూడు నుంచి ఐదు దాకా పదకొండు కాల్స్ రికార్డై ఉన్నాయి, అన్నిట్లో నా గొంతే. ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత అడిగితే, కూడికకు వచ్చిన మరో ఇద్దరు కూడా నన్ను చూశామనే చెప్పారు.

మా కూడికలో ఎవరి ప్రార్థన మనవి వాళ్ళే చీటీ మీద రాసి ఇస్తారు. పాస్టరమ్మ తన బైబిల్లోంచి ఒక చీటీ తీసి నాకిచ్చింది. కుడివైపుకు వాలే రాత, నాదే.

"ఆ గదిలో నన్ను ఒంటరిగా వదలొద్దు. నాకు నా మీదే భయంగా ఉంది."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

పాస్టరమ్మ మెల్లగా అడిగింది.

"ఇది నీ మాట కాదంటే ఈడనే చించేస్తా తల్లీ. నీదేనా?"

నాదేనన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రమే ఆయనకు చెప్పాను. మరుసటి రోజు బళ్ళారిలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మందులు వాడుతున్నాను, తలుపు తీసిపెట్టి పని చేస్తున్నాను, ఆరింటికి కంప్యూటర్ కట్టేస్తున్నాను.

ఆ రోజు కూడికకు ఎవరు వెళ్ళారో నాకు నేటికీ తెలియదు. ఎవరూ వెళ్ళకపోయి ఉంటే, ఇదంతా చెప్పడానికి నేను మిగిలి ఉండేదాన్నో లేదో కూడా తెలియదు.