ప్రార్థన చేసి రాసిన చీటీ

మొన్న మదనపల్లెలో మందుల షాపుకు వెళ్లి నా బీపీ చీటీ ఇస్తే, కౌంటరులో ఉన్న అమ్మాయి తిరగేసి చూసి, "ఇది పాతది కదమ్మా, మళ్లా డాక్టరుకు సూపించుకోలేదా?" అంది. జీవితమంతా ఆసుపత్రి కౌంటరులో మాత్రలు కట్టిచ్చిన నాకే పాఠం చెబుతోందే అని చిర్రెత్తుకొచ్చింది గానీ, ఇంటికొచ్చి కూర్చుంటే అక్క గుర్తొచ్చి ఆ కోపం నిలవలేదు.

అక్కది పుంగనూరు దగ్గర మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. ఒకసారి జ్వరంలో గుండెదడ పట్టుకుంటే నేనే నేను పనిచేసే మిషన్ ఆసుపత్రికి తీసుకొచ్చాను. పెద్ద డాక్టరు గారు ఎప్పటిలాగే కళ్లు మూసి ప్రార్థన చేసి, గుండె లయ సరిచేసే మాత్ర రాశారు. మావాళ్లకు ప్రార్థన చేసి రాసిన చీటీ మామూలు కాగితం కాదు. అక్క దాన్ని బైబిలు అట్టలో దాచుకుంది, డాక్టరు గారు రిటైరై వెళ్లిపోయినా ఆ మాత్ర మానడమంటే ఆయన ప్రార్థనను కాదన్నట్టే అనుకుంది. నెలనెలా పుంగనూరు బస్సెక్కే వాళ్ల చేతికిచ్చి మాత్రలు పంపింది నేనే. మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోవాలని చీటీ కింద ఇంగ్లీషులో ఉంది. అక్కకు ఇంగ్లీషు రాదు. నేను మొదటిరోజే చదివి మరిచిపోయాను.

ఏళ్లు గడిచేకొద్దీ అక్క ముఖం బూడిద పూసినట్టు నీలం తిరిగింది. తోటలో ఎండకు కమిలిందన్నారు అందరూ. నేనూ అదే అన్నాను, గొడుగు పట్టుకోమని కసిరాను, ఏవేవో క్రీములు పంపాను. చర్చిలో ముందు వరుసలో నిలబడి గొంతెత్తి పాడే మనిషి, ఒక చంటిపిల్ల ఆమెను చూసి జడుసుకుని ఏడ్చిన ఆదివారం నుంచి, కొంగు ముఖం మీదికి లాక్కుని వెనక బెంచీకి చేరింది. కూతురి పెళ్లిలో ఫోటోకు పిలిస్తే వంటల దగ్గర పనుందని తప్పుకుంది.

ఆ కూతురు కుప్పంలో కాపురం పెట్టాక, అక్కడి డాక్టరొకాయన పరీక్షలన్నీ చేసి, గుండె నిక్షేపంగా ఉందని, ఆ దడ జ్వరంతోనే పోయి ఉంటుందని, ఈ రంగంతా అక్కర్లేని మాత్ర వల్లనేనని చెప్పి మానిపించారు. సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి కాళ్లు పట్టుకోబోతే, "యాల ఏడస్తాండావమ్మీ, నువ్వు పంపినావు, నేను మింగినాను, అంతే కదా" అంది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ రంగు కొంత తగ్గింది గానీ, చివరిదాకా పూర్తిగా పోలేదు.

పెద్దలు రాసిందాన్ని మళ్లీ అడగడం మర్యాద కాదనుకున్న కాలం మనది. ఇప్పటి పిల్లలకు ఆ భయభక్తులు లేవని ఎన్నిసార్లు సణిగానో. రేపు ఆ అమ్మాయి చెప్పినట్టే డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఇవాళ మాత్రం అక్క కూతురి పెళ్లి ఆల్బం తీసి చూశాను. ప్రతి ఫోటోలోనూ పెళ్లికూతురి పక్కన, తల్లి నిలబడాల్సిన చోట, పట్టుచీర కట్టుకుని నేనే ఉన్నాను.