నీలి తుషార రాసిన పదమూడో భాగం

ఆ రోజుల్లో నాకు రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి ఊరందరికీ తెలిసింది, రెండోది నాకూ నా ఫోనుకూ మాత్రమే తెలిసింది. ఆ రోజులంటే మరీ పాత రోజులేం కావు. ఫోను ఇంట్లో మర్చిపోతే చెయ్యి మర్చిపోయి వచ్చినట్టుగా కంగారుపడటం అప్పటికే అందరికీ అలవాటైపోయింది. కాకపోతే, మనం చెప్పదలుచుకున్నది మాత్రమే ఫోను వింటుందని నమ్మేంత అమాయకత్వం నాలో ఇంకా మిగిలి ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమ్మాయి మీద నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.

డిగ్రీ పూర్తిచేసి చింతలపూడిలో ఖాళీగా కూర్చున్న నన్ను, "బాబాయి దగ్గర ఈ సీజనంతా కంప్యూటరు పని చూసిపెట్టు, నీకూ చెయ్యి తిరుగుతుంది" అని మా నాన్న నూజివీడు బస్సెక్కించాడు. బాబాయిది మామిడికాయల షెడ్డు. అంతకుముందు ఏడాది నుంచే ఆయన తోటల్లో కొన్న కాయని పెట్టెల్లో సర్ది నేరుగా హైదరాబాదులో ఇళ్ళకు పంపడం మొదలుపెట్టాడు. ఆర్డర్లన్నీ ఫోనుకి వచ్చేవి. వాటిని కంప్యూటర్లో ఎక్కించి, పేరూ చిరునామా ఉన్న చీటీలు ప్రింటు తీసి, అట్టపెట్టెల మీద అంటించడం నా పని. ("అంకుల్, మా అత్తగారు వస్తున్నారు, కాయలు పుల్లగా లేకుండా చూడండి" అని రాసిన ఒక కోడలి కోసం ఆ పెట్టె మీద నేను ఎర్రసిరాతో చుక్క కూడా పెట్టాను.) షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు కాయ ఏరేవాళ్ళు. పచ్చిది ఒక పక్క, దోరది ఒక పక్క, మచ్చ పడ్డది ఇంకో పక్క. వాళ్ళందరి మీదా పెత్తనం పెద్దక్కది. ఆవిడ అసలు పేరేమిటో బాబాయిక్కూడా గుర్తులేదు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేతిమీదుగా పోకుండా ఆ షెడ్డు నుంచి ఒక్క కాయ బయటికి పోలేదు. ఎవరైనా పచ్చికాయని దోరకాయల్లో వేస్తే, "నీ మొగుడికి కూడా ఇట్టాగే వండి పెడతన్నావా?" అని అడిగేది.

ఇక రెండో ఉద్యోగం. ఫోనులో ఒక కథల యాప్ ఉండేది. ఎవరైనా రాసుకోవచ్చు, రాసిందాన్ని ఎవరినీ అడక్కుండా లోకం మీదికి వదలొచ్చు. అందులో నేను 'నీలి తుషార' అన్న పేరుతో ప్రతి శుక్రవారం ఒక సీరియల్ రాసేదాన్ని. దాని పేరు 'హిమశిఖరాన ఒక నిట్టూర్పు'. మంచుకొండల మధ్య హిమాన్విత, ప్రణవ్‌తేజ అని ఇద్దరు పన్నెండు భాగాలుగా ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్ళు. (నేను అంతవరకూ చూసిన మంచు మా ఫ్రిజ్‌లో పై అరలో పేరుకునేది మాత్రమే.) నా వెంట పదకొండు మంది పాఠకులుండేవారు. అందులో ఒకరు నేనే, ఇంకో పేరుతో. మరొకరు మా పిన్ని. నీలి తుషార ఎవరో ఆవిడకు తెలియదు, కానీ ప్రతి శనివారం పొద్దున బాబాయి టిఫిను తింటుంటే ఎదురుగా కూర్చుని ఆ సీరియల్ పైకి చదివి వినిపించేది. నేను పక్కనే కూర్చుని, ఏమీ ఎరగనట్టు, "ఎవరు పిన్నీ రాసేది? బాగానే రాస్తోందే" అనేదాన్ని. నా పేరు బయటపడకూడదని ఫోనుకి ఒక తాళం, యాప్‌కి ఒక తాళం, రాసుకునే పుస్తకానికి ఇంకో తాళం వేసుకున్నాను.

సీజను ముదిరేసరికి రాయడానికి తీరిక దొరకలేదు. చేతులు రెండూ చీటీలకే సరిపోయేవి. అప్పుడు నోటితో చెబితే రాసుకునే యాప్ ఒకటి దొరికింది. ఒకసారి మొదలుపెడితే మనం ఆపేదాకా వింటూనే ఉంటుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోనుని చీటీల కట్ట మీద ఆనించి, షెడ్డు మూల కూర్చుని, గొంతు తగ్గించి పదమూడో భాగం చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలయ్యాయో లేదో బయట ఆటోవాడు కేకేశాడు. పెట్టెలు లెక్కపెట్టి ఎక్కించి, వాడితో వాదించి వచ్చేసరికి అరగంట పట్టింది. ఈలోపు ఆడవాళ్ళంతా నా బల్ల పక్కన నీడలో కూర్చుని అన్నాలు తిని లేచారు. వచ్చి చూద్దును కదా, ఫోను నిండా అక్షరాలు! 'అబ్బ, నేనింత చెప్పానా' అని మురిసిపోయాను. ఇంతలో లారీ వచ్చిందని బాబాయి పిలిచాడు. పాఠకులు ఎదురుచూస్తూ ఉంటారు కదా అని (పదకొండు మందీనూ), మొత్తం తీసి కథల యాప్‌లో పెట్టి, వెయ్యమని నొక్కి, లారీ దగ్గరికి పరిగెత్తాను.

శనివారం పొద్దున పెసరట్టు, ఉప్మా. పిన్ని ఫోను తీసి కళ్ళజోడు సర్దుకుంది. "మంచు కురుస్తోంది. ఈమె అన్నది పనవ్వలేదా కళ్ళలోకి చూసింది" అని చదివి ఆగింది. నా గొంతులో పెసరట్టు కూడా ఆగింది. హిమాన్విత అని నేనంటే ఫోను 'ఈమె అన్నది' అని విన్నది, ప్రణవ్‌తేజని 'పనవ్వలేదా' చేసింది. "ఈ వారం కొత్తరకంగా రాసిందే" అంటూ పిన్ని ముందుకు పోయింది. "ఆ కళ్ళలో ఎన్నో ప్రశ్నలు పెద్దక్కా షావుకారు గారికి రెండు రసాలు తీసిపెట్టావా పెట్టానే తలుపెనకాల గంప కింద ఉన్నాయి మూతి తుడుచుకోమని చెప్పు నిన్న చొక్కా మీద మరక అమ్మగారు చూశారంట."

షెడ్డులో షావుకారు గారంటే బాబాయే. పిన్ని కళ్ళజోడు మీదుగా ఆయన్ని చూసింది. బాబాయికి షుగరు. ఆయన ఆ సీజనులో మామిడిపండు ముట్టలేదని పిన్ని ఊళ్ళో అందరికీ గర్వంగా చెప్పుకునేది.

"మొన్న చొక్కా మీద మరక లారీ గ్రీజన్నారు కదండీ."

"గ్రీజేనే."

"పసుపుపచ్చ గ్రీజా?"

బాబాయి ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోసాగాడు. "ఎవడో మన షెడ్డంటే గిట్టనివాడు రాసుంటాడు. ఇంక చాలు, ఆపెయ్" అన్నాడు. ఆపేస్తే ఎంత బాగుండేది! పిన్ని ఆపలేదు. "నీకొక్కదానికే చెబుతున్నా ఎవరితోనూ అనమాక నా కళ్ళు ఆనట్లేదే రెండేళ్ళ నించీ కాయంతా మబ్బు పట్టినట్టుంటది వాసనతోటీ చేత్తోటీ ఏరతన్నా షావుకారు గారికి తెలిసిందంటే ఆ మిషనేదో తెచ్చి నన్ను ఇంటికి పంపేత్తారు ఊరుకో పెద్దక్కా అట్టా ఏం కాదు..." చదువుతున్న కొద్దీ పిన్ని గొంతు తగ్గిపోయింది. బాబాయి చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ నెలలో మచ్చకాయలు వచ్చాయని హైదరాబాదు నుంచి నాలుగైదు పెట్టెల గురించి ఫోటోలతో సహా ఫిర్యాదులొచ్చాయి. కాయ ఏరే మిషను అమ్ముతామని విజయవాడ నుంచి ఒకాయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. బాబాయి చెప్పులేసుకున్నాడు. నేనూ వెంట పరిగెత్తాను.

షెడ్డులో ఆయన కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. గంపలోంచి రెండు బంగినపల్లి కాయలు తీసి పెద్దక్క చేతిలో పెట్టి, "ఇందులో ఏది దోరదో చెప్పు" అన్నాడు. ఆవిడ నవ్వి, ఒక్కోదాన్ని అరచేతిలో తిప్పి, తొడిమ దగ్గర వాసన చూసి, "ఇది రేపటికి పండుద్ది, ఇంకోదానికి నాలుగు రోజులు పట్టుద్ది" అంది. నూటికి నూరుపాళ్ళూ నిజం. "మరి దీనిమీద నల్లమచ్చ ఉంది, కనపడుతోందా?" అన్నాడు బాబాయి. పెద్దక్క ఆ కాయని మొహం దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. మళ్ళీ తెచ్చుకుంది. షెడ్డులో ఎవరి చెయ్యీ కదల్లేదు. "ఎవరు చెప్పారండీ?" అని అడిగింది చివరికి, పక్కన కూర్చున్నావిడ వైపు తిరిగి. ఆ పక్కావిడ మొహం పాలిపోయింది. ఇంక ఊరుకోలేక, "నేను" అన్నాను. "నా ఫోను." పెద్దక్క తలకి చుట్టుకున్న తుండు విప్పి, దులిపి, మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం పిన్నిని తోడు తీసుకుని ముసునూరు రోడ్డులో ఉన్న ఆవిడ ఇంటికి వెళ్ళాను. (దారంతా పిన్ని నాతో ఒక్కటే మాట అంది: "పన్నెండు వారాలు ఆ ప్రణవ్‌తేజ కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నానే. నీ రాతలా అవి!") పెద్దక్క అరుగు మీద కూర్చుని ఉంది. పిన్నికి కుర్చీ వేయించింది, నన్ను కూర్చోమనలేదు. జరిగిందంతా చెప్పి, పదమూడో భాగం మొదటినుంచీ చదివి వినిపించాను. మిగతావాళ్ళవైతే నవ్వొచ్చే మాటలే. ఆవిడ నవ్వలేదు.

"ఎంతమంది చదివారు?"

"ఆరొందలు దాటారు."

అది నిజం. ఒకరికొకరు పంపుకుని ఒక్కరోజులో ఆరొందల మంది. వ్యాఖ్యలు కుప్పలుగా పడ్డాయి. 'ఇన్నాళ్ళకి మీకు సంభాషణలు రాయడం వచ్చింది' అని ఒకరు, 'ప్రణవ్‌తేజ వద్దు, షావుకారు గారే కావాలి' అని ఇంకొకరు. 'పెద్దక్క కళ్ళు ఏమయ్యాయి? వచ్చేవారం దాకా ఆగలేం' అని ఎక్కువమంది. పొద్దుటినుంచీ నేను భయపడుతూనే, ప్రతి పది నిమిషాలకీ ఆ వ్యాఖ్యలు చూసుకుని లోపల్లోపల పొంగిపోతున్నానన్న సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలి.

"దానిమీద నీ పేరుందా అమ్మాయిగారూ?" అని అడిగింది పెద్దక్క.

"లేదు. వేరే పేరు పెట్టుకున్నాను."

"ఎందుకని?"

"ఎవరికైనా తెలిస్తే... బాగోదని."

"అంటే నీ పేరు మాత్రం దాచుకున్నావు. నన్ను మాత్రం పెద్దక్కా పెద్దక్కా అని బజార్లో నిలబెట్టావు." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను దానికొక్కదానికే చెప్పుకున్నానమ్మా. అన్నం తింటా చెప్పుకున్నా. అది నీ కతెట్టా అయ్యిద్ది?"

అక్కడే నిలబడి ఆ భాగం తీసేశాను. 'ఖచ్చితంగా తొలగించాలా?' అని యాప్ రెండుసార్లు అడిగింది. రెండోసారి నా వేలు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం కళ్ళు ఆనని పెద్దక్కకి కూడా కనిపించింది. "నొక్కు" అంది. నొక్కాను. జీవితంలో నాకు దొరికిన మొదటి ఆరొందల మంది అలా పోయారు.

ఆవిడ ఆ రోజు నన్ను క్షమించలేదు. ఆ వారమంతా షెడ్డుకీ రాలేదు. చివరికి పిన్నే వెళ్ళి, "మీరంతా కలిసి మా ఆయన చేత రసాలు తినిపించారు, దానికి శిక్ష ఇదే" అని పట్టుబట్టి ఆవిడని ఏలూరులో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. శుక్లాలన్నారు. ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళకీ ఆపరేషను చేశారు. ఈలోపు బాబాయి మిషను ఆయన్ని వచ్చే ఏడు చూద్దామని పంపేశాడు. నల్లద్దాలు తీసేశాక పెద్దక్క షెడ్డుకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గుమ్మంలో నిలబడి అందరినీ కొత్తగా చూసింది. "షావుకారు గారూ, జుట్టంతా ఎప్పుడు పోయింది?" అని బాబాయిని అడిగింది. తర్వాత నా వైపు తిరిగి, చాలాసేపు చూసి, "అమ్మాయిగారు తెల్లగా ఉంటారనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది. షెడ్డంతా గొల్లుమంది. నేను మాత్రం ఆవిడ నాతో మళ్ళీ మాట్లాడిందన్న సంతోషంలో ఏడ్చేశాను. మరుసటేడు మిషనూ వచ్చింది. అది ఏరినవాటిని పెద్దక్క మళ్ళీ ఏరేది. బాబాయికి వారానికొక రసం, పిన్ని ఎదురుగా కూర్చుని తినేటట్టు ఒప్పందం కుదిరింది. మంచుకొండల్లో ఆ ఇద్దరూ ఏమయ్యారని ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ, ఎప్పుడైనా ఒక చిన్న పుస్తకం నా సొంత పేరుతోనే, నా ఖర్చుతోనే వేసుకుంటున్నాను. మొన్న ఇది రాయడం పూర్తికాగానే పెద్దక్కకి ఫోను చేసి, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. తెల్లగా ఉంటాననుకున్న చోట ఆవిడ తెగ నవ్వింది. "నా కళ్ళ సంగతి ఉండనీ, అది అయిపోయిందిగా. ఆ రోజు నేను తిట్టింది కూడా ఉంచు, తగ్గించమాక" అంది. తర్వాత, "మా ఇంటి అరుగు దగ్గర ఒక మాట రాశావు చూడు, అదొక్కటీ తీసెయ్" అంది. అది ఈ మొత్తం కథలో నాకు చాలా నచ్చిన వాక్యం. ఉంచుకోనివ్వమని రెండుసార్లు బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఫోను పెట్టేశాక ఆ వాక్యాన్ని ఇంకోసారి చదువుకుని, ఎంత బాగా కుదిరిందో కదా అని నవ్వుకుని, చెరిపేశాను.