అతుకుల మాస్టారి అరగంట

పనిచేసినన్నాళ్లూ రేడియో స్టేషన్లో ఆయన్ని అతుకుల మాస్టారు అనే పిలిచారు. ప్రసంగం ముందే ముగిసినా, వార్తలకింకా వ్యవధి ఉన్నా, ఆ ఖాళీలో అతుకు వేసేది ఆయన సంతూరే. గోడమీద ఎర్రలైటు వెలిగిందంటే ఆపెయ్యాలి, నోట్లో ముద్ద నోట్లో ఉన్నట్టే. ఇరవై ఎనిమిదేళ్ల కొలువులో ఒక్క రాగమూ గట్టెక్కలేదు.

సంతూరుకి దాదాపు వంద తీగలు, వాటిమీద కొట్టి వాయించడానికి రెండు సన్నటి కర్రలు. చిన్న సుత్తితో, తీగల్ని బిగించే ఒక్కో మేకూ తిప్పి శ్రుతి చేసేసరికి గంట పట్టేది. వాయించేది మూడు నిమిషాలు.

"ఊరందరికీ వండి ఈగకి వడ్డించినట్టుంది మీ ఉద్యోగం," అనేది భార్య.

"ఒక్క అరగంట ఇవ్వమనవే. అప్పుడు చూద్దువుగాని నా తడాఖా!"

వచ్చిన ప్రతి అధికారికీ అర్జీ పెట్టాడు. "అలాగే చూద్దాం మాస్టారూ," అన్నవాళ్లే గాని చూసినవాళ్లు లేరు. నిన్నగాక మొన్న చేరిన వేణువు కుర్రాడికీ అరగంట దక్కింది. మాస్టారు పళ్లు నూరుకుంటూ మేకులు తిప్పేవాడు. ఆ కోపానికి తీగ తెగేది. దాన్ని మార్చడానికి మరో పావుగంట.

చివరికి ఉద్యోగ విరమణ రోజున ఇచ్చారు. ఉదయం పదకొండుకి, ప్రత్యక్ష ప్రసారం.

"ఆ లైటు వెయ్యకురా నాయనా," అని ఇంజనీరుని బతిమాలాడు.

"దాని జోలికే పోను మాస్టారూ, ఒట్టు."

ఇంజనీరు మాట తప్పలేదు. ఆలాపన మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. సరిగ్గా మూడో నిమిషంలో మాస్టారి చేతులు వాటంతటవే ఆగిపోయాయి. కర్రలు పక్కన పెట్టి, అరచేతులతో తీగల మోత అణిచేశాయి. ఇంట్లో గంటలకొద్దీ వాయించే చేతులకి ఆ గదిలో తెలిసింది మూడు నిమిషాలే. ఆయన తలెత్తి చూశాడు. లైటు లేదు. గబగబా కర్రలందుకునేలోపే, నిశ్శబ్దం చూసి హడలిన అధికారి టేపు పెట్టించేశాడు.

"మళ్లీ అందుకుంటానండీ!"

"వద్దు మాస్టారూ, మళ్లీ ఆగితే నా ఉద్యోగం ఊడుతుంది."

మిగతా సమయమంతా మాస్టారి పాత అతుకులే ఒకదాని వెనక ఒకటి వేసి నింపారు.

ఇంటికొచ్చేసరికి రేడియోలో అంతా విన్న భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "అదేంటండీ, అన్నీ మొదలుపెట్టి వదిలేశారు?"

"అవి టేపులే పిచ్చిమొహమా!"

ఆమె లోపలికెళ్లి చాప పరిచింది. "ఇక్కడ లైటు లేదుగా. ఒక్కటి చివరిదాకా వాయించండి."

"గంట ఆగు. దారి కుదుపులకి శ్రుతంతా పోయింది," అని విసుక్కుంటూ సుత్తి అందుకున్నాడు.